ఎంగిలి శబ్దం

బెజవాడ ఆటోనగర్‌లో కాశీబాబు కొట్టుకి వచ్చినవాళ్లెవరూ తాము కొనాలనుకున్నదాంతో సరిపెట్టుకుని వెళ్లరు. రెండు స్పీకర్లు బిగించుకుపోదామని వచ్చినవాడు నాలుగు బిగించుకుని, డిక్కీలో ఓ బేస్ పెట్టె పెట్టించుకుని, తలుపుల లోపల శబ్దం పీల్చే మెత్తటి ఫెల్టు గుడ్డ అంటించుకుని, ఇంటికెళ్లి భార్యకేం చెప్పాలో ఆలోచించుకుంటూ వెళతాడు. కాశీబాబుకి చేతిపని బాగానే వచ్చు. కానీ అతని అసలు పనిముట్టు నాలిక. కార్లో అద్దం శబ్దాన్ని విసిరికొడుతుందనీ, సీటు మింగేస్తుందనీ, స్పీకరు బెత్తెడు పైకి జరిపితే పాడేవాడు డాష్‌బోర్డు మీద కూర్చుని పాడినట్టుంటుందనీ, కిందికి జరిపితే మన కాళ్ల దగ్గర దూరి పాడినట్టుంటుందనీ అతను చెబుతుంటే, ఇన్నాళ్లూ తమ కార్లో పాటలు విన్నందుకు వచ్చినవాళ్లకి సిగ్గేసేది. అందులో అబద్ధమేమీ లేదు. ఉన్న నిజానికి కాస్త మసాలా దట్టించేవాడు, అంతే.

ఆ కొట్టుకి పాత నేస్తం ఏసోబు. మర్యాదల సంచాలక కార్యాలయంలో సంచాలకుల వారి డ్రైవరు. అలాంటి ఆఫీసు ఒకటుందని జనానికి పెద్దగా తెలియదు. ఏ సభలో ఏ అధికారి ఏ కుర్చీలో కూర్చోవాలి, దండ ముందు ఎవరి మెడలో పడాలి, లిఫ్టులోంచి ఎవరు ముందు దిగాలి అన్న సంగతులన్నీ అక్కడే తేలతాయి. ఆ ఆఫీసు బండ్లకి ఏ రిపేరొచ్చినా ఏసోబు ఆటోనగర్ తోలుకొచ్చేవాడు. పని జరుగుతున్నంతసేపూ ఇద్దరూ కొట్టు ముందు స్టూళ్ల మీద కూర్చుని, ఒకే గ్లాసులో టీ తెప్పించుకుని, చెరో గుక్కా తాగుతూ పాత పాటల్లో ఏ పాట గొప్పదో తేల్చుకునేవాళ్లు. ఏసోబుకి పాటలంటే పిచ్చి. బండిలో అధికారి లేనప్పుడు అతను నడిపే తీరే వేరుగా ఉండేదని ఆఫీసులో అనుకునేవాళ్లు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకసారి సంచాలకులు విశ్వపతి గారే స్వయంగా కొట్టుకి వచ్చారు. రావడమంటే దిగడం కాదు. కొత్త కారులో వెనక ఎడమ సీట్లో కూర్చుని, అద్దం నాలుగు వేళ్ల మేర కిందికి దింపారు. స్టీరింగు ముందు ఏసోబు ఉన్నాడు. కాశీబాబు వంగి ఆ సందులోకి చెవి పెట్టాడు. పాట ముందు నుంచి బాగానే బయల్దేరుతోందనీ, తమ దగ్గరికి వచ్చేసరికి ముద్దైపోతోందనీ, దీనికేదైనా ఉపాయం చూడాలనీ విశ్వపతి గారు సెలవిచ్చారు.

వెనక తలుపులకి రెండు మంచి స్పీకర్లు అమ్మడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. కాశీబాబు గొంతు సవరించుకున్నాడు.

"స్పీకర్లు ముందు తలుపుల్లో ఉన్నాయి కదండీ. అక్కణ్ణించి బయల్దేరిన శబ్దం ముందు మన ఏసోబు మోకాళ్లకి తగుల్తుంది. తర్వాత అద్దానికి కొట్టుకుని, అతని తలకి తగిలి, అప్పుడు తమ దగ్గరికొస్తుంది. ఒక్క మాటలో చెప్పాలంటే తమరు వినేది ఎంగిలి శబ్దం సార్."

ఆ మాట అప్పటికప్పుడు పుట్టింది. పుట్టగానే కాశీబాబుకి ముచ్చటేసింది కూడా. ఇకముందు వచ్చే బేరాలన్నిటికీ వాడుకోవచ్చనుకున్నాడు. కానీ విశ్వపతి గారు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే నాకంటే ముందు వింటున్నది ఎవరు?"

"ముందు కూర్చున్నాడు కాబట్టి ఏసోబే సార్. అయినా రెప్పపాటు తేడా కూడా ఉండదులెండి."

"తేడా ఎంతన్నది లెక్కల శాఖవాళ్లు చూసుకుంటారు. మా శాఖకి కావలసింది ముందా, వెనకా అన్నదే" అని విశ్వపతి గారు అద్దం ఎత్తేశారు.

బండి తిప్పేటప్పుడు ఏసోబు ఎప్పుడూ చెయ్యెత్తేవాడు, ఆ రోజు ఎత్తలేదు. మళ్లీ వారం అతను వచ్చినప్పుడు కాశీబాబు మామూలుగా టీ తెప్పించి ఓ గుక్క తాగి గ్లాసు అందించాడు. ఏసోబు పుచ్చుకోలేదు. తనకి వేరే గ్లాసు చెప్పమన్నాడు. అది బేరం కోసం అన్న మాటేననీ, ఇన్నేళ్ల స్నేహంలో ఆ మాత్రం తెలియదా అనీ కాశీబాబు నవ్వబోయాడు.

"మా తాతని అన్నారు. మా నాయన్ని అన్నారు" అన్నాడు ఏసోబు. "వాళ్లని నీళ్ల కాడ అన్నారు, అన్నం కాడ అన్నారు. పాటకి కూడా అంటుద్దని నువ్వు చెబితేనే తెలిసింది."

కాశీబాబు నిజంగానే బాధపడ్డాడు. ఆ బాధలో సాయంత్రం ఇంటికెళ్లేసరికి, అతన్ని సర్కారువారు సాంకేతిక సలహాదారుగా నియమించినట్టు కబురొచ్చింది. దాంతో బాధ కొంత తగ్గింది.

మర్యాదల కార్యాలయంలో మార్కండేయులు గారని ఒక సెక్షన్ ఆఫీసరున్నారు. ఉత్తర్వులు రాయడంలో ఆయనంతటివాడు లేడు. 'ఎంగిలి' అన్నది బజారు మాట కాబట్టి దాన్ని కడిగి, 'ఉచ్ఛిష్టం' చేసి, ఉత్తర్వులో పెట్టారు. "ప్రభుత్వ వాహనములయందలి శబ్దము అందు ప్రయాణించువారి హోదా ననుసరించి ఉన్నతాధికారికి ముందుగను, తదనంతరము తక్కినవారికిని చేరవలెను. క్రింది స్థాయి ఉద్యోగికి మున్ముందుగా చేరి, పిమ్మట పై స్థాయి అధికారికి చేరునది ఏదైనను ఉచ్ఛిష్టముగా పరిగణింపబడును." ఇందులో 'ఏదైనను' అన్న మాట దగ్గర ఆయన కాసేపు కలం ఆపి, ముందుచూపుతో ఉంచేశారు.

కాశీబాబు మెడలో ఫోటో ఉన్న కార్డు పడింది. ఉత్తర్వు అమలుకి వేసిన కమిటీ గదిలో తువ్వాలు కప్పిన కుర్చీ ఇచ్చారు. మొదటి పనిగా అతను ఆఫీసు బండ్లన్నిటిలోనూ ముందు తలుపుల్లో ఉన్న స్పీకర్లు పీకేసి, అధికారి సీటుకి అటొకటి ఇటొకటి బిగించాడు. ఇప్పుడు శబ్దం విశ్వపతి గారి చెవిలో పుట్టి, ఆయన వినగా మిగిలింది ముందుకి పోతోంది. ఇది ప్రకృతి ధర్మానికి అనుగుణంగా ఉందని కమిటీ హర్షం వెలిబుచ్చింది.

అయితే బండిలో అధికారి ఒక్కడే ఉండడు కదా. పక్కన సంయుక్త సంచాలకులుంటారు, ముందు సీట్లో ఉప సంచాలకులుంటారు. వాళ్లూ వీళ్లూ ఒకేసారి వింటే హోదాకి అర్థమేముంది? శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వదిలే పెట్టె ఒకటుంటుంది. స్పీకర్లు ఒకటి దగ్గరా ఒకటి దూరమూ ఉన్నప్పుడు రెండూ ఒకేసారి వినపడేట్టు చెయ్యడానికి దాన్ని కనిపెట్టారు. కాశీబాబు దాన్ని తిరగేసి, ఒకేసారి వినపడకుండా చెయ్యడానికి వాడాడు. హోదాకో స్పీకరు, హోదాకింత ఆలస్యం. మొదట తేడా చెవికి తెలియనంత చిన్నగా పెట్టాడు. చెవికి తెలియని గౌరవం గౌరవమెలా అవుతుందని కమిటీ నిలదీసింది. దాంతో తెలిసేంత పెంచాడు.

ఇక రేడియోలో హాస్య కార్యక్రమం వస్తే ముందు సంచాలకులు నవ్వేవారు. ఆ నవ్వు సద్దుమణిగాక సంయుక్త సంచాలకులు నవ్వేవారు. ఉప సంచాలకుల వంతు వచ్చేసరికి తక్కిన ఇద్దరూ తర్వాత వచ్చిన విషాద వార్తకి నిట్టూరుస్తుండేవారు. ఒక ఉప సంచాలకుడు ఆ నిట్టూర్పుల మధ్య పకపకా నవ్వినందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ప్రమోషన్ల కాలంలో కాశీబాబుకి ఊపిరి సలపలేదు. ఉత్తర్వు చేతికందిన అధికారి మిఠాయి పొట్లంతో ఇంటికి కాక ఆటోనగర్‌కి వచ్చి, ముందు తన ఆలస్యం తగ్గించమని కూర్చునేవాడు.

ఇంతవరకూ అందరూ సంతోషంగానే ఉన్నారు. అప్పుడు విశ్వపతి గారికి ఒక అనుమానం వచ్చింది. తాను ముందు విన్న మాట నిజమే. కానీ ఆ శబ్దం ముందుకి పోయి, డ్రైవరు తలకి తగిలి, వెనక్కి తిరిగి మళ్లీ తన దగ్గరికే వస్తే? కాశీబాబుని అడిగారు. వస్తుందని కాశీబాబు ఒప్పుకున్నాడు. గట్టిగా, నున్నగా ఉన్నది ఏదైనా శబ్దాన్ని తిప్పికొడుతుందనీ, మెత్తనిది పీల్చుకుంటుందనీ చెప్పాడు. అది నిజం కూడా.

కమిటీ డ్రైవర్లందరినీ హాల్లో కూర్చోబెట్టి శిరఃపరావర్తన పరీక్ష జరిపింది. మార్కండేయులు గారు ఒక్కొక్కరి తల వెనకా నిలబడి చప్పట్లు కొట్టి, కళ్లు మూసుకుని విని, పక్కవాడికి చెప్పి రాయించారు. జుట్టు దట్టంగా ఉన్నవాళ్లు గండం గట్టెక్కారు. ఏసోబుది బట్టతల. అతని తల వెనక కొట్టిన చప్పట్లు తమకి నాలుగు రెట్లై తిరిగొచ్చాయని మార్కండేయులు గారు ప్రకటించారు. అతనికి మెడ దాకా దిగే ఫెల్టు టోపీ మంజూరైంది. గడ్డం కింద నాడాలు కట్టుకోవాలి.

ఆ టోపీకి కొలతలు తియ్యవలసిన పని సలహాదారుడిదే. కాశీబాబు టేపు పట్టుకుని ఏసోబు తల చుట్టూ తిప్పాడు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఈ ఎండలో ఇది పెట్టుకుని ఎలా నడుపుతావని అడగాలనుకున్నాడు. అడిగితే, నువ్వే కదా కుడుతున్నావు అంటాడేమోనని భయపడి ఊరుకున్నాడు. ఏసోబు మాత్రం మంగలి దగ్గర కూర్చున్నంత నిబ్బరంగా కూర్చుని, చెవుల దగ్గర మరీ బిగుతుగా వద్దని ఒక్క మాటన్నాడు. మనసులో తనని తాను తిట్టుకుంటూనే కాశీబాబు ఆ టోపీని చక్కగా కుట్టించాడు. పనితనంలో లోటు చెయ్యడం అతని వల్ల కాదు.

అక్కడితో ఆగుంటే ఇంత కథ ఉండేది కాదు. మార్కండేయులు గారు సెలవురోజున ఇంట్లో కూర్చుని ఆలోచించగా, బండి లోపలి శబ్దం సంగతి తేలింది గానీ బయటి శబ్దం సంగతి తేలలేదని తట్టింది. ఎదురుగా వచ్చే లారీ హారను కొడుతుంది. ఆ హారను ముందు అద్దంలోంచి దూరి, ముందు డ్రైవరుకి వినిపించి, ఆ తర్వాత అధికారికి వినిపిస్తోంది. ఇది ఎన్నేళ్లుగా జరుగుతోందో తలుచుకుంటే ఆయనకి నిద్రపట్టలేదట. హారను ప్రభుత్వ శబ్దం ఎలా అవుతుందని కమిటీలో ఎవరో అన్నారు. రోడ్డు ప్రభుత్వానిదైనప్పుడు దాని మీది శబ్దం మాత్రం ఎవడబ్బ సొమ్మని విశ్వపతి గారు అడిగారు.

సలహాదారుగా కాశీబాబు మొట్టమొదటిసారి అడక్కుండా నోరు విప్పాడు. "హారను కొట్టేది డ్రైవరు వినాలనే కదండీ?"

"ఉత్తరంలోని పని గుమాస్తాదే అయినా, ముందు అధికారి చూసి, సంతకం చేసి, కిందికి పంపిస్తారు. అంతేగానీ గుమాస్తా చించుకుని చదువుకోడు" అన్నారు మార్కండేయులు గారు. "హారను కూడా అదే మార్గంలో రావలెను."

కాశీబాబు ఇంకా గట్టిగా అనాల్సింది. అనలేదు. అప్పటికి ఆ ఒక్క ఆఫీసువే కాక తక్కిన ఆఫీసుల బండ్లు కూడా అతని కొట్టు ముందు బారులు తీరుతున్నాయి. భార్య వీధిలో వాళ్లందరికీ మెడలో కార్డు గురించి చెప్పుకుంది. నోటితో పైకొచ్చినవాడికి నోరు మూసుకోవడం కూడా వ్యాపారంలో భాగమేనని సర్దిచెప్పుకున్నాడు.

ఏర్పాటు ఇలా జరిగింది. డ్రైవరు టోపీకి చెవుల దగ్గర ఇంకో పొర ఫెల్టు వేశారు. అతని రెండు దండచేతులకీ రెండు నాడాలు కట్టి, వాటి కొసలు వెనక సీట్లో అధికారి చేతికిచ్చారు. హారను విని, పరిశీలించి, తగిన చర్య నిమిత్తం అధికారి నాడా లాగుతారు. ఎడమది లాగితే ఎడమకి, కుడిది లాగితే కుడికి, రెండూ లాగితే ఆపాలి. మొదటి రోజున విశ్వపతి గారికి తుమ్మొచ్చింది. బండి ఎడమకి తిరిగి తిన్నగా ఓ కల్యాణ మండపంలోకి పోయింది. పెళ్లివారు పన్నీరు చల్లారు. ఆయన దాన్ని శాఖకి దక్కిన గౌరవంగా స్వీకరించి అక్షింతలు వేసి వచ్చారు. రెండో రోజు భోజనమయ్యాక కునుకు పట్టి ఆయన వెనక్కి వాలారు. రెండు నాడాలూ లాగినట్టై బండి వారధి నట్టనడుమ ఆగింది. అటు మంగళగిరి వైపూ ఇటు బెజవాడ వైపూ బండ్లు నిలిచిపోయి హారన్లు మోగాయి. ఆ హారన్లన్నీ వినవలసిన వ్యక్తి గుర్రుపెడుతున్నారు.

ఏసోబు రోజూ ఎలా నెట్టుకొచ్చాడో తర్వాత తెలిసింది. రోడ్డు మీద రద్దీ పెరిగినప్పుడల్లా చెమట తుడుచుకునే నెపంతో కుడిచెవి మీది టోపీని వేలితో కాస్త పైకి తోసుకునేవాడు.

ఏలూరు రోడ్డులో ఇసుక లారీ ఒకటి బ్రేకులు తెగి, ఆపకుండా హారను కొట్టుకుంటూ వెనకనుంచి వచ్చిన మధ్యాహ్నం అతను అదే చేశాడు. విశ్వపతి గారు నిద్రలో ఉన్నారు. నాడాలు వదులుగా వేలాడుతున్నాయి. ఏసోబు స్టీరింగు ఒక్క కోత కోసి బండిని మొక్కజొన్న చేలోకి దించాడు. లారీ ఈ బండి పక్క అద్దాన్ని మాత్రం ఊడబెరుక్కుని పోయి, దూరాన గట్టుకి కొట్టుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. విశ్వపతి గారికి నుదుటి మీద చిన్న బొప్పి కట్టింది. ఆయన కళ్లు తెరిచి, చుట్టూ మొక్కజొన్న కంకులు చూసి, తనిఖీకి వచ్చామనుకున్నారు.

సర్కారు బండి పొలంలోకి దిగితే విచారణ తప్పదు. ఏసోబుకి మెమో ఇచ్చారు. అందులో ఒకే ప్రశ్న. లారీ హారను నీవు వింటివా, లేదా? విన్నానంటే అధికారి కంటే ముందు విన్న నేరానికి ఉద్యోగం పోతుంది. వినలేదంటే అజాగ్రత్తగా బండిని చేలోకి దించిన నేరానికి ఉద్యోగం పోతుంది. రెండిట్లో ఏదైనా ఎంచుకోవచ్చు కాబట్టి ఇది ఉద్యోగికిచ్చిన సంపూర్ణ స్వేచ్ఛ అని మార్కండేయులు గారు వివరించారు. ఏసోబు ఇద్దరు కూతుళ్లూ గుంటూరులో నర్సింగు చదువుతున్నారు. ఆ ఉద్యోగం తప్ప అతనికి వేరే ఆధారం లేదు. మెమో సంగతి విన్న రోజు కాశీబాబు కొట్టు తెరవలేదు.

విచారణ రోజున ఏసోబుని ఇంకా ప్రశ్న అడగకముందే కాశీబాబు తువ్వాలు కుర్చీలోంచి లేచాడు. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎంగిలి శబ్దమనేది లోకంలో లేదండి. రెండు స్పీకర్లు అమ్ముకోవడానికి నేనన్న మాట అది. శబ్దం గోడకి తగుల్తుంది, తలకి తగుల్తుంది, ఎవరికి తగిలినా శబ్దమే. నా నోటి దూల వల్ల వచ్చిందిదంతా. శిక్షేదో నాకెయ్యండి, ఏసోబుని వదిలెయ్యండి."

టీ గ్లాసు పుచ్చుకోని నాటి నుంచీ అతని ముఖం చూడని ఏసోబు, ఇప్పుడు తల తిప్పి చూశాడు. కాశీబాబుకి అది చాలనిపించింది. కానీ కమిటీకి చాలలేదు. వారిలో వారు కాసేపు గుసగుసలాడుకున్నాక మార్కండేయులు గారు తమ అభిప్రాయం చదివారు. సలహాదారు మాట నేరుగా వచ్చినది కాదు. అది డ్రైవరుతో గల స్నేహమునకు తగిలి, అచటినుండి మరలి వచ్చినది. కావున ఉచ్ఛిష్ట సాక్ష్యముగా భావించి తోసిపుచ్చడమైనది. ఇక మిగిలింది ఏసోబు. హారను విన్నావా అని ఆయన అడిగారు.

"విన్నానండి" అన్నాడు ఏసోబు. "విన్నాను గాబట్టే బండి తిప్పాను. తిప్పాను గాబట్టే అయ్యగారు ఆ కుర్చీలో ఉన్నారు."

మార్కండేయులు గారు 'విన్నానండి' వరకూ రాశారు. తర్వాత కలం ఆగింది. ఉత్తర్వు తీసి మొదటినుంచీ చదువుకున్నారు. 'ఏదైనను' అన్న చోట వేలు పెట్టి, ముఖం పాలిపోగా, విశ్వపతి గారి వైపు వంగి మెల్లగా వివరించారు. హారను ముందు డ్రైవరుకి చేరింది. డ్రైవరు వాడుకున్న తరవాత, దాని ఫలితంగా సంచాలకుల వారికి చేరినది ఒకటుంది. అది వారి ప్రాణం. నిబంధన ప్రకారం చూస్తే ఆ ప్రాణం... ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. విశ్వపతి గారు అప్రయత్నంగా తమ మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నారు. కమిటీ టీ విరామం ప్రకటించింది.

విరామం చాలాసేపు సాగింది. తిరిగొచ్చాక నిర్ణయం చదివారు. డ్రైవరు హారను విననేలేదు. కళ్లు మూసుకుని దీర్ఘాలోచనలో ఉన్న సంచాలకుల వారే విని, నాడా లాగి, డ్రైవరు ప్రాణం కాపాడారు. అందుకు వారికి ప్రశంసాపత్రం. డ్రైవరు అయోమయంలో ఏదో అన్నాడు కాబట్టి, తాను ఏమీ వినలేదనీ, ఇకముందు ఉత్తర్వును తు.చ. తప్పక పాటిస్తాననీ సంతకం చేస్తే అతని ఉద్యోగం అతనికి ఉంటుంది.

కాశీబాబు కళ్లతోనే సంతకం పెట్టమని బతిమాలాడు. ఏసోబు ఆ కాగితాన్ని నిదానంగా, రెండుసార్లు చదివాడు. తర్వాత సంతకం పెట్టాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"ఇకనించీ పూర్తిగా ఆర్డరు ప్రకారమే నడపమంటారా అయ్యా?" అని అడిగాడు.

తప్పకుండా అన్నారు విశ్వపతి గారు.

"ఇన్నాళ్లూ కుడిచెవి కాడ టోపీ పైకి లాక్కుని నడిపానండి. తప్పే. ఇవాళ్టి నుంచి లాక్కోను. లారీ హారనైనా, రైలు కూతైనా తమరే వినాల."

అని టోపీ మెడ దాకా దించి, నాడాలు గడ్డం కింద ముడేసి, దండం పెట్టి బండి తేవడానికి వెళ్లాడు. విశ్వపతి గారు వెనకనుంచి పేరు పెట్టి పిలిచారు. అతనికి వినపడలేదు.

బండి పోర్టికోలోకి వచ్చి ఆగింది. బంట్రోతు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. విశ్వపతి గారు ఆ మెత్తటి సీటు వంకా, దాని మీద వేలాడుతున్న నాడాల వంకా చూస్తూ నిలబడ్డారు. ఉత్తర్వు రద్దు చేస్తే ఎలా ఉంటుందని పక్కకి తిరిగి అడిగారు. రద్దు చేస్తే ప్రశంసాపత్రానికి ఆధారం పోతుందనీ, అది పోతే హారను విన్నది డ్రైవరేనని తేలుతుందనీ, తేలితే తమ ప్రాణం సంగతి మళ్లీ మొదటికొస్తుందనీ మార్కండేయులు గారు మనవి చేశారు. విశ్వపతి గారు అద్దంలోంచి ఏసోబుని చూశారు. ఏసోబు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఆర్డరు కోసం ఎదురుచూస్తూ, ప్రశాంతంగా ఉన్నాడు. చాలాసేపటికి విశ్వపతి గారు వెనక తలుపు తామే మూసి, ముందుకి నడిచి, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు.

వెనక కూర్చుంటే కునుకు పడుతుంది. ముందు కూర్చుంటే రోడ్డంతా కనపడుతుంది, భయానికి నిద్ర రాదు. రెండు రోజులయ్యాక నాడాలు లాగడం ఆలస్యమవుతోందని ఆయన కనిపెట్టారు. ఏసోబుకి మాట వినపడదు కాబట్టి, అద్దం దింపి, తలా చెయ్యీ బయటపెట్టి, ముందూ వెనకా చూసుకుంటూ, తలుపు మీద అరచేత్తో చరిచి ఆ అదురుతో సైగ చెయ్యడం అలవాటు చేసుకున్నారు. రెండు చరుపులు కొడితే పోనిమ్మని, ఒకటి కొడితే ఆపమని. తక్కిన ఆఫీసుల డ్రైవర్లు కూడా తామూ అలాగే సంతకాలు పెడతామని ముందుకొచ్చారు. వాళ్ల అధికారులు కూడా ఒక్కొక్కరే ముందు సీట్లోకి మారారు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి బందరు రోడ్డులో సర్కారు బండ్ల తలుపుల మోత చెవులు చిల్లులు పడేలా వినిపించేది.

కాశీబాబు మళ్లీ తన కొట్టులో తన పని చేసుకుంటున్నాడు. మాటలు తగ్గించాడని పాత ఖాతాదార్లు అంటారు. ఒకనాటి సాయంత్రం గుడివాడ నుంచి వచ్చిన కొత్త ఆసామి ఒకడు రెండు స్పీకర్ల కోసం బేరమాడుతుండగా రోడ్డు మీద విశ్వపతి గారి బండి వచ్చింది. ఆయన సగం బయటికి వాలి, చెమటలు కారుతుండగా, తలుపు దబదబా చరుస్తూ, లారీ క్లీనర్లు అరిచినట్టే "రైట్, రైట్, పోనీ, పోనీ" అంటున్నారు. పక్కన టోపీ పెట్టుకుని ఏసోబు నింపాదిగా నడుపుతున్నాడు. కొట్టు ముందుకి రాగానే స్టీరింగు మీంచి చెయ్యి తీసి పైకెత్తాడు. కాశీబాబు కూడా ఎత్తాడు.

"ఆ క్లీనరు భలే కష్టపడతన్నాడే" అన్నాడు గుడివాడ ఆసామి. "ఏం, ఆ డ్రైవరుకి వినపడదా?"

"శుభ్రంగా వినపడుద్ది" అన్నాడు కాశీబాబు. "వినకూడదు."